లోహం, ఆమ్లం, గడియారం: చర్యా రేటు కొలతపై పాఠకుల ప్రశ్నలు

జింకు ముక్కల మీద సజల ఆమ్లం పోసి, వచ్చిన వాయువును సబ్బునీటి బుడగల్లోకి పంపి, వెలిగే పుల్లతో ‘టప్’మనిపించడంతో చాలా బడుల్లో ఈ పాఠం అయిపోతుంది. వాయువు వస్తోందని అక్కడ తేలుతుంది. ఎంత వేగంగా వస్తోందో తేల్చాలంటే మాత్రం కొలజాడీ, గడియారం, ఓపిక కావాలి. ఆ కొలత దగ్గర చిక్కుకున్నవాళ్ల ప్రశ్నలకే ఈసారి చోటంతా ఇచ్చాం.

ప్రశ్న: మా బడిలో గ్యాస్ సిరంజి లేదు. కోనికల్ ఫ్లాస్కు, 100 మి.లీ. కొలజాడీ, వాయువాహక నాళం ఉన్నాయి. మెగ్నీషియం, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో పిల్లల చేత రేటు కొలిపించాలి. ఎంత లోహం, ఎంత ఆమ్లం తీసుకోవాలి? ఎన్నిసార్లు చేసినా మొదటి రీడింగు ఒక్కో జట్టుకు ఒక్కోలా వస్తోంది. ఎందుకు?
— ఉపాధ్యాయుడు, ప్రకాశం జిల్లా

జవాబు: గ్యాస్ సిరంజి లేదని దిగులు పడక్కర్లేదు. గాజు సిరంజిలో పిస్టన్ కాసేపు పట్టేసి, తర్వాత ఒక్కసారిగా జారుతుంది. మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ సిరంజి రబ్బరు ఇంకా ఎక్కువ మొరాయిస్తుంది. హైడ్రోజన్ నీటిలో కరిగేది చాలా తక్కువ. 25 డిగ్రీల దగ్గర 100 మి.లీ. నీటిలో 2 మి.లీ. కూడా కరగదు. అందుకే నీళ్లు నింపి బోర్లించిన కొలజాడీలో వాయువును పట్టడమే మీకు అన్నివిధాలా మేలు.

ఎంత లోహం వేయాలన్నది జాడీని బట్టి నిర్ణయించుకోండి. 24.3 గ్రా. మెగ్నీషియం నుంచి ఒక మోల్ హైడ్రోజన్ వస్తుంది. 0.05 గ్రా. వేస్తే, గది 30 డిగ్రీలుంటే, పొడి వాయువు లెక్క ప్రకారం 51 మి.లీ. నీటి మీద పడుతున్నాం కాబట్టి నీటి ఆవిరి కూడా కలిసి 53 మి.లీ. దాకా చూపిస్తుంది. అంటే జాడీలో సగం నిండుతుంది, పొంగిపోయే భయం లేదు. సాధారణంగా దొరికే 3 మి.మీ. వెడల్పు రిబ్బన్ మీటరుకు ఒక గ్రాము అటూఇటూ తూగుతుంది. 5 సె.మీ. ముక్కను బడి త్రాసులో తూచబోతే తప్పు వస్తుంది. మీటరు ముక్కను తూచి, సెంటీమీటరుకు ఎంతో లెక్కగట్టి, స్కేలుతో కొలిచి కత్తిరించండి. కత్తిరించే ముందు సన్న గరుకు కాగితంతో రెండు వైపులా తెల్లగా మెరిసేదాకా రుద్దండి. పాత రిబ్బన్ మీద బూడిదరంగు పొర ఉంటుంది. దాన్ని వదిలేస్తే మొదటి కొన్ని సెకన్లు ఆ పొర కరగడానికే పోతాయి. రుద్దిన తర్వాత దులిపి తూచాలి, ముందు కాదు.

ఆమ్లం 1 మోలార్‌ది (లీటరులో ఒక మోల్ ఉన్నది) 50 మి.లీ. తీసుకోండి. అందులో 50 మిల్లీమోల్ ఆమ్లం ఉంటుంది, ఈ లోహానికి కావలసింది 4 మిల్లీమోల్ చిల్లర. చర్య అయ్యేసరికి ఆమ్లం గాఢత 8 శాతమే తగ్గుతుంది కాబట్టి అది మారలేదనే అనుకోవచ్చు.

ఇక మొదటి రీడింగు సంగతి. రిబ్బన్ వేసి గబగబా బిరడా బిగించినప్పుడు, బిరడా లోపలికి దిగినంత గాలి నాళం గుండా జాడీలోకి దూకుతుంది. బిగించే చేతిని బట్టి అది ఒకసారి 2 మి.లీ., ఇంకోసారి 5 మి.లీ. పైగా బిగించేలోపు వచ్చిన హైడ్రోజన్ బయటికి పోతుంది. ఈ రెండు తప్పులూ ఎదురుబొదురు దిశల్లో ఉంటాయి, ఏది ఎంతో చెప్పలేం. తొమ్మిదో తరగతిలో ద్రవ్యనిత్యత్వ నియమం కోసం ఇగ్నిషన్ ట్యూబును దారంతో ఫ్లాస్కులో వేలాడదీసే ప్రయోగం ఉంది కదా, అదే ఇక్కడా పనికొస్తుంది. 100 మి.లీ. ఫ్లాస్కులో ఆమ్లం పోయండి. రిబ్బన్‌ను వదులుగా చుట్టి ఇగ్నిషన్ ట్యూబులో పెట్టి, ట్యూబును ఆమ్లానికి పైన వేలాడదీసి, దారాన్ని బిరడాకూ ఫ్లాస్కు మూతికీ మధ్య నొక్కిపెట్టండి. దారం ఉన్నచోట కాస్త వాసెలిన్ రాయండి, లేకపోతే అక్కడినుంచే వాయువు కారుతుంది. బిరడా బిగించేటప్పుడు నాళం కొస తొట్టి నీటిలో ఉండాలి కానీ జాడీ కింద ఉండకూడదు. దూకే గాలి అంతా బయటికే పోతుంది. బుడగలు ఆగాక జాడీని నాళం మీదికి జరపండి. అప్పుడు ఫ్లాస్కును ఒంచి రిబ్బన్‌ను ఆమ్లంలోకి జార్చి, అదే క్షణాన గడియారం నొక్కండి.

ఒకరు ప్రతి 10 సెకన్లకు ‘ఇప్పుడు’ అనాలి, ఒకరు జాడీ చదవాలి, ఒకరు రాయాలి. ఫ్లాస్కు పట్టుకున్న నాలుగోవాళ్లు దాన్ని ఆపకుండా, ఒకే తీరుగా మెల్లగా తిప్పుతుండాలి. పట్టుకోవాల్సింది మెడ దగ్గరే. అరచేతి వేడికి లోపలి గాలి వ్యాకోచిస్తే అది కూడా జాడీలో చేరుతుంది.

ప్రశ్న: మొత్తం వాయువును మొత్తం సమయంతో భాగిస్తే రేటు అని మా రికార్డులో రాయించారు. పుస్తకంలో మాత్రం స్పర్శరేఖ గీయమని ఉంది. ఏది సరైనది? నాకు గ్రాఫు వంపు తిరగకుండా చాలాదూరం తిన్నని గీతలాగే వచ్చింది. తప్పు చేశానా?
— ఇంటర్ రెండో సంవత్సరం విద్యార్థిని, సిద్దిపేట

జవాబు: తప్పు చేయలేదు. మీ గ్రాఫు బాగుంది, దాన్ని పుస్తకంలో బొమ్మకు సరిపోయేలా దిద్దకండి.

మొత్తాన్ని మొత్తంతో భాగిస్తే వచ్చేది సగటు రేటు. పై జవాబులో చెప్పిన కొలతలతో చేస్తే రీడింగులు ఇలా వచ్చాయనుకుందాం: 10 సెకన్లకు 8 మి.లీ., 20కి 16, 30కి 24.5, 40కి 32.5, 50కి 40, 60కి 46, 70కి 50, 80కి 52.5, 90కి 53, ఆ తర్వాత మార్పు లేదు. సగటు తీస్తే 53ను 90తో భాగించి సెకనుకు 0.59 మి.లీ. మొదటి భాగంలో గీత వాలు, అంటే అక్కడ గీసిన స్పర్శరేఖ వాలు చూస్తే సెకనుకు 0.8 మి.లీ. ఇదే తొలి రేటు. ఇందులో ఏ గాఢత దగ్గర, ఏ ఉష్ణోగ్రత దగ్గర, ఎంత ఉపరితలం మీద అని తడుముకోకుండా చెప్పగలిగేది రెండోదే. సున్నా సెకను దగ్గర ఆమ్లం మీరు కలిపిన గాఢతలోనే ఉంది, లోహం మీరు కత్తిరించిన కొలతలోనే ఉంది, ద్రావణం ఇంకా వేడెక్కలేదు. అరవయ్యో సెకనుకు ఈ మూడూ మారిపోయాయి. సగటు తీస్తే చివర్లో చితికిన రిబ్బన్ తునకల నత్తనడకను కూడా మొదటి వేగంలో కలిపేసినట్లు అవుతుంది. సగటులో ఇంకో చిక్కు, ‘మొత్తం సమయం’ ఎంతో ఎవరూ ఖచ్చితంగా చెప్పలేరు. చివరి బుడగ ఎప్పుడొచ్చిందో ఒక్కొక్కరికి ఒక్కోలా కనిపిస్తుంది.

గీత తిన్నగా రావడానికి కారణం రిబ్బన్ ఆకారం. అది పలుచని పట్టీ. ఆమ్లం రెండు వెడల్పు ముఖాల నుంచీ తొలుస్తూ పోతుంది. మందం తగ్గుతుంది కానీ ముఖాల వైశాల్యం చాలాసేపు అంతే ఉంటుంది. ఆమ్లం కూడా తగినంత ఉంది కాబట్టి రేటు తగ్గాల్సిన పనిలేదు. పట్టీకి చిల్లులు పడి ముక్కలయ్యాక ఒక్కసారిగా వంగుతుంది. కాస్త జాగ్రత్తగా కొలిస్తే మధ్యలో వాలు కొద్దిగా పెరగడం కూడా చూస్తారు. పై అంకెల్లో 20 నుంచి 30 సెకన్ల మధ్య అదే జరిగింది. అది చర్యలో పుట్టిన వేడి. పుస్తకంలో గీసే, మొదటి నుంచీ వంగే రేఖ రావాలంటే లోహం దండిగా వేసి, ఆమ్లాన్ని తక్కువ పోసి, ఆమ్లం అయిపోయేలా చేయాలి.

మోల్‌లలో రాయాలంటే: 0.8 మి.లీ.లో నీటి ఆవిరి వాటా 4 శాతం తీసేస్తే 0.77. 30 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు 24.9 లీటర్లు. కాబట్టి సెకనుకు 0.03 మిల్లీమోల్ హైడ్రోజన్. 5 సె.మీ. పొడవు, 0.3 సె.మీ. వెడల్పు, రెండు ముఖాలు కలిపి 3 చదరపు సె.మీ. అంటే ఒక చదరపు సెంటీమీటరుకు సెకనుకు 0.01 మిల్లీమోల్. ఇలా వైశాల్యంతో కూడా భాగించి రాస్తే, వేరే వెడల్పు రిబ్బన్‌తో చేసినవాళ్ల ఫలితంతో పోల్చుకోవచ్చు.

ప్రశ్న: గాఢత రెట్టింపు చేస్తే రేటు రెట్టింపు అవ్వాలి కదా. మాకు 0.5 మోలార్ నుంచి 1 మోలార్‌కు వెళ్తే రెండున్నర రెట్లకు పైగా పెరిగింది. ఆమ్లం కలపడంలో తప్పా?
— డిగ్రీ కాలేజీ ల్యాబ్ సహాయకుడు, అనంతపురం

జవాబు: ముందు ఆమ్లాన్నే అనుమానించండి, అది తేలిగ్గా తేలిపోతుంది. సీసా మీద 35 శాతం అని ఉన్న గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం సుమారు 11.3 మోలార్. లీటరు 1 మోలార్ ఆమ్లానికి 88 మి.లీ. కావాలి. సగం దాకా నీళ్లున్న పాత్రలో ఆమ్లాన్ని పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. చల్లారాకే గీత దాకా నింపాలి. తెరిచి తెరిచి మూసిన పాత సీసాలో ఆమ్లం పొగలై పోయి 35 శాతం మిగలదు. అందుకే నిర్జల సోడియం కార్బొనేట్ 0.53 గ్రా. తూచి నీటిలో కరిగించి, మిథైల్ ఆరెంజ్ వేసి, దాని రంగు మారేదాకా ఎంత ఆమ్లం పడుతుందో కొలవండి (అంశమాపనం). ఆమ్లం సరిగ్గా 1 మోలార్ అయితే 10 మి.లీ. పడుతుంది. తక్కువ గాఢతలన్నీ ఈ ఒక్క ద్రావణాన్నే పలుచన చేసి తయారుచేయండి. విడివిడిగా కలిపితే ఒక్కోదానికి ఒక్కో తప్పు అంటుకుంటుంది.

ఆమ్లం సరిగానే ఉందని తేలితే, వేడిని చూడాలి. మెగ్నీషియం ఒక మోల్ కరిగితే 467 కిలోజౌళ్ల వేడి వస్తుంది. 0.05 గ్రా. అంటే దాదాపు ఒక కిలోజౌల్. 50 మి.లీ. ద్రావణాన్ని అది నాలుగున్నర డిగ్రీలు వేడెక్కిస్తుంది. 25 మి.లీ. మాత్రమే పోస్తే 9 డిగ్రీలు. గాఢత ఎక్కువైతే ఈ వేడంతా నిమిషంలోనే పుడుతుంది, గాజు గుండా బయటికి పోయే వ్యవధి ఉండదు. పలుచని ఆమ్లంలో మెల్లగా పుట్టి మెల్లగా పోతుంది. మీరు మార్చింది గాఢత ఒక్కటే అనుకున్నారు, ఉష్ణోగ్రత కూడా వెంట మారింది.

దీనికి మందు: లోహం తగ్గించి ఆమ్లం పెంచడం. 100 మి.లీ. ఆమ్లంలో 2 సె.మీ. రిబ్బన్ వేస్తే పెరుగుదల ఒక్క డిగ్రీ. వాయువు 21 మి.లీ. మాత్రమే వస్తుంది కాబట్టి 100 మి.లీ. జాడీ బదులు 25 మి.లీ. జాడీ వాడితే రీడింగు బాగా తెలుస్తుంది. బ్యూరెట్‌ను కూడా బోర్లించవచ్చు. అయితే 50 గుర్తుకూ కుళాయికీ మధ్య కొలతలు లేని భాగం ఉంటుంది, దాన్ని ముందే నీళ్లతో కొలిచి కలుపుకోండి.

మూడోది బుడగల కలియబెట్టుడు. లోహాన్ని ఆనుకుని ఆమ్లం తగ్గిపోయిన పలుచని పొర ఒకటి ఏర్పడుతుంది. బుడగలు లేచేటప్పుడు ఆ పొరను చెదరగొట్టి తాజా ఆమ్లాన్ని లాక్కొస్తాయి. గాఢత పెరిగితే బుడగలు పెరుగుతాయి, బుడగలు పెరిగితే కలియబెట్టడం పెరుగుతుంది, దాంతో రేటు ఇంకాస్త పెరుగుతుంది. మాగ్నెటిక్ స్టిరర్ ఉంటే అన్ని గాఢతలకూ ఒకే వేగంతో తిప్పండి. అప్పుడు ఈ తేడా చాలావరకు తగ్గుతుంది. రిబ్బన్ తేలి గాజుకు అతుక్కుంటే ఒక ముఖం మూసుకుపోతుంది కాబట్టి దాన్ని సన్న ప్లాస్టిక్ క్లిప్పుకు తగిలించి ముంచండి. ఇనుప క్లిప్పు వద్దు, అదీ చర్యలో పాల్గొంటుంది.

0.25, 0.5, 0.75, 1 మోలార్ దగ్గర మూడేసి సార్లు చేసి, గాఢత సంవర్గమానానికి (లాగ్) ఎదురుగా తొలి రేటు సంవర్గమానం గీయండి. ఆ గీత వాలే చర్యా క్రమాంకం, అంటే గాఢత ఎన్నో ఘాతాన్ని బట్టి రేటు మారుతోందో చెప్పే అంకె. అది 1.3 వచ్చినా 1.6 వచ్చినా అలాగే రాయండి. ఘనపదార్థం ఉపరితలం మీద, బుడగలు లేస్తుండగా జరిగే చర్యకు పూర్ణాంకం రావాలన్న నియమం ఏదీ లేదు. ‘సుమారు 1’ అని దిద్ది రాసే రికార్డు కంటే ‘1.4, ద్రావణం 2 డిగ్రీలు వేడెక్కింది’ అని రాసిన రికార్డుకే మేం ఎక్కువ మార్కులు వేస్తాం.

ప్రశ్న: ఖరీదైన శుద్ధ జింకు తెప్పించాం. సజల సల్ఫ్యూరిక్ ఆమ్లంలో అది దాదాపు కదలడం లేదు. పాత డబ్బాలోని మురికి జింకు మాత్రం బుసబుసమంటోంది. కొత్తది నకిలీదా?
— ఉపాధ్యాయిని, కరీంనగర్

జవాబు: కొత్తదే అసలైనది. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త ఆగస్ట్ డి లా రీవ్ 1830లోనే ఈ సంగతి గమనించారు. ఆమ్లంలో శుద్ధమైన జింకు చాలా మెల్లగా కరుగుతుంది, మలినాలున్నది వేగంగా కరుగుతుంది. హైడ్రోజన్ అయాన్లు ఎలక్ట్రాన్లు తీసుకుని, జతకట్టి వాయువుగా లేచే పని జింకు ఉపరితలం మీద కష్టంగా జరుగుతుంది. జింకులో ఇనుము, రాగి లాంటి మలినాల మచ్చలుంటే అక్కడ ఆ పని సులువు. జింకు ఒకచోట కరుగుతుంది, వదిలిన ఎలక్ట్రాన్లు లోహం గుండా మచ్చ దగ్గరికి వెళ్తాయి, బుడగ అక్కడ పుడుతుంది. ప్రతి మచ్చా ఒక చిన్న బ్యాటరీ అన్నమాట.

శుద్ధ జింకుతో పాఠం నడవాలంటే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్ కలపండి. 2 గ్రా. జింకు ముక్కలు, 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లం 50 మి.లీ., 0.1 మోలార్ కాపర్ సల్ఫేట్ 1 మి.లీ. జింకు మీద నల్లటి రాగి పొడి పేరుకుని వాయువు వేగం అందుకుంటుంది. ఎక్కువ పోస్తే ఇంకా వేగం వస్తుందని ఆశపడకండి. రాగి జింకునంతా కప్పేస్తే ఆమ్లానికి జింకు అందదు, రేటు పడిపోతుంది. 0.5, 1, 2, 5, 10 మి.లీ. చొప్పున పోసి రేటు గీస్తే, ఎక్కి దిగే గీత వస్తుంది. పిల్లల చేత చేయించదగ్గ మంచి ప్రాజెక్టు ఇది. అన్నింటిలో మొత్తం ద్రవం సమానంగా ఉండేలా మిగతాది నీటితో సరిచేయండి.

చాలా గైడ్లలో కాపర్ సల్ఫేట్‌నే ‘ఉత్ప్రేరకం’ అని రాస్తారు. ఉత్ప్రేరకం చివరికి మొదట ఉన్నట్లే మిగలాలి. ఇక్కడ కాపర్ సల్ఫేట్ మిగలదు. నీలిరంగు పోయి జింకు సల్ఫేట్ అవుతుంది. వేగం పెంచేది అందులోంచి పుట్టిన రాగి లోహం. 1 మి.లీ. ద్రావణం 6.5 మిల్లీగ్రాముల జింకును హైడ్రోజన్ రాకుండానే కరిగిస్తుంది కూడా. మొత్తం వాయువు లెక్క కట్టేటప్పుడు దాన్ని తీసేయండి.

ప్రశ్న: వంటింటి అల్యూమినియం రేకు ముక్కను ఆమ్లంలో వేస్తే చాలాసేపు ఏమీ జరగదు. ఇక పారబోద్దాం అనుకునేసరికి ఒక్కసారిగా నురగ! రేటు ఎక్కడినుంచి కొలవాలి?
— పదో తరగతి విద్యార్థి, విజయనగరం

జవాబు: అల్యూమినియం మీద కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఉంటుంది. కొన్ని నానోమీటర్ల మందమే అయినా గట్టిది. గరుకు కాగితంతో రుద్దినా గాలి తగిలితే వెంటనే మళ్లీ ఏర్పడుతుంది. ఆమ్లం ముందు దాన్ని కరిగించాలి. అది పోయాక లోహం బయటపడి చర్య ఊపందుకుంటుంది, వేడి పుడుతుంది, వేడికి వేగం ఇంకా పెరుగుతుంది. అందుకే గ్రాఫు సాగదీసిన ‘ఎస్’ అక్షరంలా వస్తుంది. మీరు రాయాల్సినవి రెండు అంకెలు. ఒకటి, మొదటి మి.లీ. వాయువు వచ్చేదాకా పట్టిన ఆలస్యం. రెండు, గీత అన్నిటికంటే నిటారుగా ఉన్నచోట వాలు. వాటిని కలిపి ఒకటిగా రాస్తే అర్థం ఉండదు. 50 మి.లీ. వాయువుకు 0.037 గ్రా. రేకు చాలు. అంతకు మించితే నురగ నాళంలోకి ఎక్కుతుంది.

హైడ్రోక్లోరిక్ ఆమ్లం 2 మోలార్‌ది వాడండి. సల్ఫ్యూరిక్ ఆమ్లంలో ఈ నిరీక్షణ ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఆ పొరను ఛేదించడంలో క్లోరైడ్ అయాన్లది పెద్ద చేయి. అల్యూమినియం చర్యాశీలత శ్రేణిలో జింకు కన్నా పైన ఉండి కూడా ప్రయోగంలో వెనకబడినట్లు కనిపించేది ఈ పొర వల్లే. శ్రేణి చెప్పేది చర్య ఎటు నడుస్తుందో, ఎంత వేగంగా నడుస్తుందో కాదు.

ప్రశ్న: జాడీ గొడవ లేకుండా, ఫ్లాస్కును డిజిటల్ త్రాసు మీద పెట్టి బరువు తగ్గడం చూస్తే సరిపోదా?
— ప్రైవేటు కాలేజీ లెక్చరర్, హైదరాబాద్

జవాబు: పాలరాయి, ఆమ్లానికి సరిపోతుంది. కార్బన్ డయాక్సైడ్ మోల్ 44 గ్రాములు తూగుతుంది. హైడ్రోజన్ 2 గ్రాములే. 0.05 గ్రా. మెగ్నీషియం నుంచి పోయే బరువు 4 మిల్లీగ్రాములు. 0.01 గ్రా. త్రాసుకు అది కనపడనే కనపడదు. ఒక గ్రాము జింకు మొత్తం కరిగినా పోయేది 31 మిల్లీగ్రాములు, బుడగలు చిట్లి ఎగిరే తుంపర అంతకంటే ఎక్కువ తూగవచ్చు. జాడీనే నమ్ముకోండి.

ప్రశ్న: ఇంట్లో వెనిగర్‌తో చేయవచ్చా? పీహెచ్ చూస్తే వెనిగర్ చాలా బలహీనం, కానీ మెగ్నీషియం దానిలో బాగానే కరుగుతోంది.
— విద్యార్థి తండ్రి, బెంగళూరు

జవాబు: చేయవచ్చు, ఇంట్లో చేసేందుకు అన్నిటికంటే నిరపాయమైనది అదే. మీరు అడిగిన రెండో మాట చాలా మంచి ప్రశ్న.

సీసా మీద 4 శాతం అని ఉంటే అది సుమారు 0.67 మోలార్ ఎసిటిక్ ఆమ్లం. అందులో ఒక క్షణాన విడిగా తిరిగే హైడ్రోజన్ అయాన్లు లీటరుకు 0.0034 మోల్ మాత్రమే. హైడ్రోజన్ అయాన్లు అన్నే ఉండే, అంటే 0.0034 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లం 50 మి.లీ. తీసుకుంటే దానిలో ఉన్న ఆమ్లమంతా 2 మిల్లీగ్రాముల మెగ్నీషియానికి సరిపోతుంది, ఆ తర్వాత నిల్వ ఖాళీ. వెనిగర్‌లో అలా కాదు. అయాన్లు ఖర్చైన కొద్దీ విడిపోని ఎసిటిక్ ఆమ్లం విడిపోయి వాటి చోటు భర్తీ చేస్తుంది, లోహం పక్కన కూడా అదే జరుగుతుంది. పీహెచ్ చెప్పేది చేతిలో ఉన్న చిల్లర, గాఢత చెప్పేది పెట్టెలో ఉన్న సొమ్ము. రెండూ చూడాలి. వెనిగర్‌లో చర్య నిమిషాల తరబడి సాగుతుంది కాబట్టి 30 సెకన్లకు ఒక రీడింగు చాలు. ఒక 2 సె.మీ. ముక్కతో మొదలుపెట్టండి.

బాత్రూమ్ కడిగే యాసిడ్‌తో మాత్రం చేయకండి. అందులో ఆమ్లం ఎంతో తెలియదు, పసుపుగా ఉంటే ఇనుము కూడా ఉన్నట్లు, రంగులు, చిక్కబరిచే పదార్థాలు వేరే. అది పొరపాటున బ్లీచింగ్ పౌడరులో పడితే క్లోరిన్ విషవాయువు వస్తుంది.

ప్రశ్న: ‘10 డిగ్రీలు పెరిగితే రేటు రెట్టింపు’ అని చదివాం. మాకు 30 నుంచి 40కి వెళ్తే ఒకటింబావు రెట్లు కూడా సరిగా రాలేదు.
— ఇంటర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: ఆ సూత్రం ఉత్తేజిత శక్తి (చర్య జరగాలంటే కణాలు దాటాల్సిన శక్తి గట్టు) మోల్‌కు సుమారు 55 కిలోజౌళ్లున్న చర్యలకు సరిపోతుంది. 1.3 రెట్లు పెరిగినా అది 20 కిలోజౌళ్ల పరిధే. ఇంత తక్కువ వచ్చిందంటే వేగాన్ని ఆపుతున్నది ఉపరితలం మీది రసాయన చర్య కాకపోవచ్చు, ఆమ్లం లోహం దాకా ఈదుకుంటూ రావడం కావచ్చు. పరీక్షించడం తేలిక. అదే ఉష్ణోగ్రత దగ్గర ఒకసారి కలపకుండా, ఒకసారి గట్టిగా కలుపుతూ చేయండి. కలిపితే రేటు పెరిగిందంటే అదే కారణం.

ఈ ప్రయోగానికి జాడీ వద్దు. వెచ్చని ఫ్లాస్కులో గాలి వ్యాకోచం రీడింగులను పాడుచేస్తుంది. 2 సె.మీ. రిబ్బన్ పూర్తిగా మాయమయ్యే సమయం కొలిచి, దాని విలోమం తీసుకోండి. ఆమ్లం బీకరును నీళ్ల తొట్టిలో పది నిమిషాలు ఉంచి, థర్మామీటరును ఆమ్లంలోనే పెట్టి చూడండి, తొట్టిలో కాదు. ముందు, తర్వాత రెండు ఉష్ణోగ్రతలూ రాసి సగటు వాడండి. 50 డిగ్రీలు దాటవద్దు, ఆమ్లం పొగలు మొదలవుతాయి. గది ఉష్ణోగ్రత అని మాత్రం రాయకండి. మీ ఊళ్లో జనవరి ఉదయానికీ ఏప్రిల్ మధ్యాహ్నానికీ 15 డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది.

ప్రశ్న: నత్రికామ్లంతో కూడా పోల్చి చూడమని ప్రాజెక్టు ఇచ్చారు. జాగ్రత్తలు చెప్పండి.
— విద్యార్థిని, ఖమ్మం

జవాబు: ఆ భాగాన్ని ప్రాజెక్టు నుంచి తీసేయమని మీ టీచరును అడగండి. నత్రికామ్లం బలమైన ఆక్సీకరణి. పుట్టిన హైడ్రోజన్‌ను నీరుగా మార్చేసి, తాను నైట్రోజన్ ఆక్సైడ్లుగా మారుతుంది. మెగ్నీషియం, మాంగనీసు మాత్రమే, అదీ ఆమ్లం చాలా పలుచగా ఉన్నప్పుడే, హైడ్రోజన్ ఇస్తాయి. జాడీలో పడేది ఏ వాయువో తెలియనప్పుడు మి.లీ.ల లెక్కకు అర్థం లేదు. గోధుమరంగు నైట్రోజన్ డయాక్సైడ్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది, దాని ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు.

బదులుగా హైడ్రోక్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలను పోల్చండి. 1 మోలార్ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో హైడ్రోజన్ అయాన్లు 2 మోలార్ ఉంటాయని అనుకోకండి. రెండో హైడ్రోజన్ చాలా కొద్దిగానే విడిపోతుంది, కాబట్టి 1 మోలార్‌కు కాస్త పైన ఉంటాయి. కళ్లద్దాలు పెట్టుకోండి, కిటికీలు తెరవండి, దగ్గర్లో స్పిరిట్ దీపం లేకుండా చూడండి. గాలిలో హైడ్రోజన్ 4 నుంచి 75 శాతం దాకా ఎంతున్నా నిప్పు తగిలితే అంటుకుంటుంది, పేలవచ్చు కూడా. ‘టప్’ పరీక్షను ఫ్లాస్కు మూతి దగ్గర చేయకండి, వేరే పరీక్షనాళికలో పట్టిన వాయువుతో దూరంగా చేయండి. ఒంటి మీద ఆమ్లం పడితే కుళాయి కింద 15 నిమిషాలు కడగాలి. బల్ల మీద పడితే వంట సోడా చల్లి, బుసబుస ఆగాక తుడవాలి. మిగిలిన ద్రావణంలో లోహం ముక్క ఏదీ లేకుండా చూసి, వంట సోడాతో తటస్థం చేసి, దండిగా నీళ్లతో పారబోయండి. కాపర్ సల్ఫేట్ కలిపిన జింకు ద్రావణాన్ని మాత్రం కాలువలోకి వదలకుండా ల్యాబులో విడిగా డబ్బాలో పోసి, పేరు రాసి ఉంచండి.